ఈరమ్మ గొంతు

"మద్దిలేటీ, తలుపు తీయ్."

తలుపు పక్క గోడకు బిగించిన ఇనుప జల్లెడలోంచి వచ్చింది ఆ మాట. గొంతు ఈరమ్మది. కాస్త బొంగురుగా, మాట చివర కొంచెం పైకి లేచే తీరులో, అచ్చం ఆమెదే. అన్నం తింటున్న మద్దిలేటి చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అతని తల్లి సుంకులమ్మ మనవరాలికి నీళ్లు తాగిస్తున్నదల్లా గ్లాసు కింద పెట్టేసింది.

"అమ్మ వచ్చినాది" అని నాలుగేళ్ల పావని తలుపు వైపు పరుగెత్తింది. మద్దిలేటి వెంటపడి పిల్లను ఎత్తుకున్నాడు. తలుపుకున్న ఎర్ర పిడి అతని చేతికి అందేంత దగ్గరలో ఉంది. షెల్టర్లో ఉన్న మిగతా కుటుంబాల వాళ్లంతా తినడం ఆపి అతన్నే చూస్తున్నారు. సుంకులమ్మకు కొడుకు వీపు మాత్రమే కనిపిస్తోంది.

"మద్దిలేటీ, కాళ్లు బొబ్బలెక్కినాయి. నేను..." గొంతు తెగిపోయింది. మళ్లీ వచ్చింది. "నిలబడలేకున్నా. తీయ్."

మద్దిలేటి వెనక్కి తిరిగాడు. అతని ముఖంలో నవ్వు చూసి సుంకులమ్మ భయపడింది.

"ఇది మన ఈరమ్మ కాదు మా. మిషనే. నన్ను పేరు పెట్టి పిలుస్తాండాది సూడు."

పెళ్లయిన నాటి నుంచీ ఈరమ్మ మొగుణ్ణి పేరు పెట్టి పిలవలేదు. పిలిస్తే మొగుడి ఆయుష్షు తగ్గుతుందని ఆమె నమ్మకం. "పావనీ నాయనా" అనేది, లేదంటే "ఇదో" అనేది. ఒకసారి రేషన్ కార్డు రాసే అతను మీ ఆయన పేరేమని అడిగితే, మా కొండ మీది సామి పేరే అని చెప్పింది. అతను నరసింహులు అని రాసేసుకున్నాడు. కొండమీద ఉన్నది మద్దిలేటి నరసింహస్వామి మరి. ఆ కార్డులో మద్దిలేటి పేరు ఇప్పటికీ నరసింహులే. ఆ సంగతి మద్దిలేటి చెప్తుంటే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. జల్లెడలో గొంతు ఇంకాసేపు బతిమాలి, సన్నబడి, ఆగిపోయింది.

కప్పులోని స్పీకరు ఏడో నంబరు షెల్టర్‌ను అభినందించింది. గోడలోని గూటిలోంచి చల్లటి మజ్జిగ ప్యాకెట్లు వచ్చాయి. అందరూ తాగారు. సుంకులమ్మ కొడుకును పక్కకు పిలిచి, అట్లాంటి గుర్తులు పైకి చెప్పొద్దురా, కప్పుకు చెవులున్నాయి అని గొణిగింది. అతను వినలేదు. తనకు దొరికిన ధైర్యం అందరికీ పంచాలని అతని ఆరాటం. మీ వాళ్లు మిమ్మల్ని ఎట్లా పిలుస్తారో గుర్తు పెట్టుకోండి, అట్లా పిలవకపోతే మిషనే అని ఒక్కొక్కరికీ చెప్పాడు.

ఎండలు మనుషుల్ని చంపడం మొదలుపెట్టి అప్పటికి చాలా వేసవులయింది. మొదట ముసలివాళ్లు పోయారు. తర్వాత గనుల్లో రాయి కొట్టే వయసు మనుషులు పోయారు. బేతంచెర్ల చుట్టుపక్కల ఇళ్లన్నీ నాపరాతి ఇళ్లు. గోడలూ రాయే, కప్పూ రాయే. పగలంతా ఎండను తాగి, పొద్దు గూకాక దాన్ని కక్కేవి. ఇంట్లో పడుకోవడమంటే పెనం మీద పడుకోవడమే. సుంకులమ్మ రోజుకు పదిసార్లు మనవరాలి నుదురు ముట్టి చూసుకునేది.

అప్పుడు వచ్చింది కంపెనీ. రాయి అయిపోయిన పాత గనిలో భూమి లోపల షెల్టర్లు కట్టింది. అవి పట్నాల్లోని డబ్బున్నవాళ్లకు అమ్మడానికి. అమ్మేముందు వాటిలో మనుషులు ఎట్లా మసలుకుంటారో చూడాలి కనుక, చుట్టుపక్కల ఊళ్లవాళ్లను వేసవి అంతా ఊరికే ఉంచుకుంటామన్నారు. తిండి, నీళ్లు, చల్లగాలి అన్నీ వాళ్లవే. షరతు ఒకటే. ప్రతి ఇంటి నుంచి పెద్దవాళ్లలో ఒకరు బయట ఉండాలి. వాళ్లను గని పైన కూలర్లున్న షెడ్డులో ఉంచి, తెల్లారకముందు సోలారు పలకలు తుడిచే పని ఇస్తారు.

"ఎవరు బయట ఉండాలో మీరే నిర్ణయించుకోండి" అంది కంపెనీ అమ్మాయి, చాలా మర్యాదగా.

సుంకులమ్మ తానుంటానంది. కోడలు ఒప్పుకోలేదు.

"నువ్వు ఎండకు గాదత్తా, బయానికే సస్తావు" అంది ఈరమ్మ. "పాపను సూసుకో పో."

మద్దిలేటి తానుంటానన్నాడు. చిన్నప్పటి నుంచి రాయి కోసిన దుమ్ము అతని ఊపిరితిత్తుల్లో ఉంది. నాలుగు మెట్లెక్కితే దగ్గు. ఈరమ్మ అతనితో వాదించలేదు కూడా. కంపెనీ అమ్మాయి దగ్గరికి పోయి, బయట ఉండేది నేనే అని చెప్పేసి వచ్చింది.

ఫోనులో మాట్లాడించడానికి అని చెప్పి, ఆమెను అద్దాల గదిలో కూర్చోబెట్టి ఒక పూటంతా మాట్లాడించారు. ఏమడిగారే అని సుంకులమ్మ అడిగితే, ఏడ్చినట్టు మాట్లాడమన్నారు, నవ్వొచ్చింది అత్తా అని చెప్పింది. తర్వాత గని వాకిలి దగ్గర పావని తలకు నూనె రాసి, జడ గట్టిగా అల్లింది, నెలరోజులకు సరిపోయేట్టు. ఎవరినన్నా సాగనంపడమంటే సుంకులమ్మకు చేతులు చల్లబడతాయి. మొగుడు మధ్యాహ్నానికి వస్తానని పోయి గనిలో రాతి కింద పడ్డాడు. కూతురు కాన్పుకు ఆసుపత్రికి నడిచిపోయి నడిచి రాలేదు. పోయేవాళ్లు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడితే తిరిగి వస్తారని ఆమె ఎక్కడో విన్నది. ఆ రోజు మలుపు లేదు. లిఫ్టు తలుపులు రెండు పక్కల నుంచీ వచ్చి మూసుకున్నాయి.

లోపలికి దిగాకే అసలు సంగతి చెప్పారు. అప్పుడప్పుడు తలుపు దగ్గర మీవాళ్ల గొంతులు వినిపిస్తాయి. అవి యంత్రం చేసే గొంతులు. బయట నిజంగా ఎవరూ ఉండరు. మీ మాట బయటికి వినపడదు. తలుపు తెరిస్తే చల్లదనం పోయి అందరికీ ప్రమాదం. తెరిచిన కుటుంబానికి లోపల చోటు ఉండదు.

ఏడో నంబరులో అందరూ గని పని వాళ్లే. నాగమద్దయ్య అని ఒక పెద్ద గొంతు మనిషి, అతని భార్య. దస్తగిరి, అతని భార్య మాబున్ని, వాళ్ల మూడేళ్ల కొడుకు. ఇంకా రెండు మూడు కుటుంబాలు. మాబున్నికి తల్లి లేదు. దిగిన మర్నాడే సుంకులమ్మను పెద్దమ్మా అని పిలవడం మొదలుపెట్టింది. పిల్లవాడికి చెవిపోటు వస్తే సుంకులమ్మ వంట మూలలో వెల్లుల్లి వేసి నూనె కాచి, చల్లార్చి, చెవిలో చుక్క వేసింది. అప్పటి నుంచి వాడు ఆమె ఒళ్లోనే నిద్రపోయేవాడు. పావని వాణ్ణి గిల్లేది.

మజ్జిగ తాగిన కొద్ది రోజులకు దస్తగిరి తమ్ముడు రసూలు గొంతు వచ్చింది.

"అన్నా" అంది జల్లెడ. ఒకటే మాట. కాసేపటికి మళ్లీ, "అన్నా, దప్పిక."

రసూలు అన్నను ఎప్పుడూ భాయ్ అనేవాడే గాని అన్నా అనడు. మద్దిలేటి ఆ మాటే చెప్పాడు. అందరూ చెప్పారు. దస్తగిరి తల ఊపుతూనే ఉన్నాడు. ఊపుతూ లేచాడు. "దప్పికంటాండాడు" అని మాత్రం అన్నాడు. ఎవరూ పట్టుకునేలోపల ఎర్ర పిడి కిందికి లాగేశాడు. తలుపు సందులోంచి కొలిమి నోరు తెరిచినట్టు వేడి వచ్చింది. దస్తగిరి మెట్లెక్కాడు. తలుపు తనంతట తానే మూసుకుంది.

కొద్దిసేపటికి తెల్లటి సూట్లు వేసుకున్న ఇద్దరు వచ్చి మాబున్నినీ పిల్లవాణ్ణీ తీసుకుపోయారు. ఆమె ఏడవలేదు. తలుపు దాటుతూ సుంకులమ్మ వైపు తిరిగి "పెద్దమ్మా" అంది. తలుపు బయట ఎవరూ లేరని, దస్తగిరి గారు యంత్రానికి మోసపోయారని స్పీకరు చెప్పింది. అందరూ నమ్మారు. నమ్మకపోతే ఆ తర్వాత అన్నం తినడం కష్టం.

రెండోసారి ఈరమ్మ గొంతు వచ్చినప్పుడు అది మద్దిలేటి పేరు ఎత్తలేదు.

"పావనీ నాయనా" అని పిలిచింది.

 పైకి చెప్పొద్దన్నాను గదరా అనుకుంది సుంకులమ్మ. మద్దిలేటి తలుపు దగ్గరికి పోయి, చెవి జల్లెడకు ఆనించాడు. పిడి మీద చెయ్యి వేశాడు. నాగమద్దయ్య వెనక నుంచి అతని చొక్కా పట్టుకున్నాడు.

"పావనీ నాయనా, తలుపు తెరవండి. మీకు దండం పెడతానండి. నేను..." మాట తెగింది. "కళ్లు కనపడటం లేదండీ."

మద్దిలేటి చెయ్యి పిడి మీది నుంచి జారింది. "అండి అంట" అన్నాడు. "మా ఈరమ్మ నోట్లో అండి అనే మాట ఎప్పుడన్నా ఇన్నారా? దీనికి మన మాట రాదు. యాడో కోస్తా వైపు నేర్పినారు." అంటూనే దగ్గు తెర వచ్చి కూర్చుండిపోయాడు. నాగమద్దయ్య అతని వీపు రాస్తూ, ఈసారి మిషనుకు చిత్తూరు మాట నేర్పుతారేమోలే అని నవ్వించబోయాడు. మధ్యమధ్య మాట తెగిపోవడం కూడా గమనించారు. నేను అన్నాక ప్రతిసారీ తెగుతోంది. వైరు సరిగా లేదు, ఇంత పెద్ద కంపెనీ అని నవ్వుకున్నారు. మజ్జిగ వచ్చింది. సుంకులమ్మ తన ప్యాకెట్టు పావనికి ఇచ్చింది.

ఆమెకు నిద్ర పట్టడం మానేసింది. పగలు పిల్లకు జడ వేస్తూ, విప్పుతూ ఉండేది. మిషను నుంచి వచ్చిన గొంతుకు కళ్లు కనపడకపోవడమేమిటని ఆమెకు ఒకటే గుచ్చుతుండేది. దప్పిక అనాలని, కాళ్లు బొబ్బలెక్కాయని అనాలని ఎవరో నేర్పి ఉంటారు, సరే. ఆ అండి మాటలో అంత సిగ్గు ఎవరు నేర్పారు? అడుక్కోవడం అలవాటు లేని మనిషి అడుక్కున్నట్టుంది. కొడుకుతో అంటే, నువ్వు ఆలోచించొద్దు మా అన్నాడు. అతను కూడా తినడం తగ్గించాడు. ఒకసారి పావని, అమ్మను ఎందుకు లోపలికి రానీయవు నాయనా అని అడిగింది. అతను లేచి నీళ్ల కుళాయి దగ్గరికి పోయి చాలాసేపు ముఖం కడుక్కున్నాడు.

మూడోసారి పట్టపగలు వచ్చింది. కప్పు కింది తెర మీద బయటి వేడి ఎంతో చూపించే అంకె ఎర్రగా మెరుస్తున్న రోజు. ఆ రోజు చల్లగాలి గొట్టాలు కూడా ఆయాసపడుతున్నట్టు చప్పుడు చేస్తున్నాయి.

ముందు ఊపిరి వినిపించింది. తర్వాత ఈరమ్మ గొంతు.

"పావనీ నాయనా. తలుపు తీయి." ఎవరో చెప్పిన పాఠం అప్పగించినట్టు ఆ రెండు మాటలు.  మద్దిలేటి లేవలేదు. గోడకు తిరిగి కూర్చున్నాడు.

"పెద్దమ్మా" అంది జల్లెడ.

సుంకులమ్మ తలెత్తింది.

"పెద్దమ్మా, లోపల ఉండావా? నేను..." తెగింది. "బిడ్డ కండ్లు తేలేస్తాండాడు. నువ్వు చెవిలో నూనె ఏసినావే, ఆ బిడ్డ. పలకడం లేదు పెద్దమ్మా."

గొంతు ఈరమ్మదే. బొంగురు, చివర పైకి లేవడం, అన్నీ ఆమెవే. సుంకులమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. ఆమె నడక చూసే మద్దిలేటి గబగబా వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"కూసో మా. వాల్లకు మన మాటలన్నీ ఇనపడతాయని నువ్వే గదా అన్న్యావు. నూనె ఏసింది కూడా ఇన్నారు."

"ఇన్నారనుకో. నన్ను మోసం చేయాలని ఈరమ్మ గొంతు పెట్టినోల్లు అత్తా అని పిలిపిస్తారు గాని పెద్దమ్మా అని ఎందుకు పిలిపిస్తార్రా?"

మద్దిలేటి జల్లెడ వైపు తిరిగి చూశాడు.

"గొంతు ఈరమ్మది. మనిషి మాబున్ని. అవతల మాట్లాడేది ఒకరు, మనకు ఇనపడేది ఒకరు. నేను ఫలానా అన్న మాటొచ్చినప్పుడల్లా తెంపేస్తాండారు."

నాగమద్దయ్య దగ్గరికి వచ్చాడు. అతని ముఖంలో నవ్వు లేదు. ముసలామెకు భయం తలకెక్కిందన్నాడు. తెరిస్తే ఆమె ఒక్కతే కాదు, పిల్ల కూడా పోతుందన్నాడు. అది నిజం. సుంకులమ్మ పావనిని చూసింది. పిల్ల నాగమద్దయ్య భార్య చీరకొంగు పట్టుకుని నిలబడి ఉంది. బయటికి తీసుకుపోతే ఆ ఎండలో ఎంతసేపు బతుకుతుంది?  ఆమె తలుపుకు చెయ్యి ఆనించింది. ఇంత చల్లటి గదిలో తలుపు ఇనుము గోరువెచ్చగా ఉంది.

మద్దిలేటి చాలా మెల్లగా అన్నాడు. "నువ్వు చెప్పిందే నిజమనుకో మా. అది మన ఈరమ్మ కాదు గదా. మనవాల్లు గానప్పుడు మనమెందుకు తీయాల?"

ఆ మాట అన్నందుకు అతనే తల దించుకున్నాడు.

సుంకులమ్మకు కోపం రాలేదు. తనూ క్షణం కింద అదే అనుకుంది. మాబున్ని మా తలుపు దగ్గరికి ఎందుకు వచ్చింది? పంపితే వచ్చింది. షెడ్డులో ఉన్నవాళ్లను ఒక్కొక్క తలుపుకు పంపుతున్నారు. ఎవరి తలుపుకు వాళ్లను మాత్రం పంపరు. పేరు పెట్టి పిలిచినామె ఒకరు, అండి అన్నామె ఒకరు. మజ్జిగ తాగుతూ నవ్విన సంగతి ఆమె నోటిలో పుల్లగా తిరిగింది. అప్పుడు ఇంకో సంగతి తోచి, ఆమె కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మరి ఈరమ్మ యాడుందిరా ఇప్పుడు?"

అతను అర్థం కానట్టు చూశాడు.

"మన వాకిట్లోకి మాబున్నిని పంపినారు. ఈరమ్మను ఎవరి వాకిట్లోకి పంపినార్రా? ఎవరి గొంతుతో పిలుస్తాండాదో. ఆడ కూడా నీ మాదిరి ఒకడు, మా ఇంటిది కాదులే అని గోడకు తిరిగి కూసోనుంటాడు."

మద్దిలేటి ముఖం మారిపోయింది. నోరు తెరిచి గాలి పీల్చాడు, దగ్గు రాలేదు. నాగమద్దయ్య అడుగు ముందుకు వేశాడు. మద్దిలేటి తలుపు వదిలి అతనికి ఎదురుపోయి, రెండు చేతులా గట్టిగా కావిలించుకున్నాడు. ఆపడానికో, పడిపోకుండా పట్టుకోవడానికో తెలియకుండా ఇద్దరూ అట్లాగే నిలబడ్డారు. సుంకులమ్మ పిడికి వేలాడినట్టుగా బరువంతా వేసి కిందికి లాగింది.

వేడి ముఖాన కొట్టింది. వెలుతురుకు కళ్లు మూతపడ్డాయి. తెరిచి చూసేసరికి కింది మెట్టు మీద మాబున్ని కూర్చుని ఉంది. పెదవులు పగిలి, చెంపలు బొబ్బలెక్కి ఉన్నాయి. ఒళ్లో పిల్లవాడు తడి లేని గుడ్డలా వాలిపోయి ఉన్నాడు. ఆమె కళ్లు ఇంకా మూసే ఉన్నాయి. తలుపు తెరుచుకున్నట్టు ఆమెకు తెలియదు. బయటి గోడలోని జల్లెడకు నోరు ఆనించి మాట్లాడుతోంది.

"పెద్దమ్మా, నేను మాబున్నిని" అంది ఆమె నోరు, ఎండిన గొంతుతో.

"పెద్దమ్మా, నేను..." అంది లోపలి జల్లెడ, ఈరమ్మ గొంతుతో.

గదిలో ఉన్నవాళ్లంతా చూశారు. అందరూ విన్నారు. పావని జల్లెడను చూసి, మాబున్నిని చూసి, మళ్లీ జల్లెడను చూసింది. నాగమద్దయ్య ఉన్నచోటే కూలబడ్డాడు. అతను తన తండ్రి గొంతును కాదని పంపి వారం కూడా కాలేదు. మజ్జిగ తాగేటప్పుడు ఆ గొంతు ఎట్లా వణికిందో చేసి చూపించి అందరినీ నవ్వించాడు కూడా. ఇప్పుడు అతని పెదవులు కదులుతున్నాయి. ఆ వచ్చింది ఎవరై ఉంటారో అని అడుగుతున్నాడు. 

ఆడవాళ్లు మాబున్నిని లోపలికి లాక్కొచ్చారు. పిల్లవాడి నోట్లో నీళ్లు చుక్క చుక్కగా పోశారు. కాసేపటికి వాడు దగ్గాడు, ఏడవడానికి ప్రయత్నించాడు. మాబున్ని చెప్పింది. దస్తగిరి తలుపు తీసినప్పుడు మెట్ల మీద ఉన్నది రసూలు కాదు, ఎవరో ముసలాయన. ఆయన్ను మోసుకుని షెడ్డుకు చేర్చి దస్తగిరి పడిపోయాడు, ఇంకా లేవలేదు. షెడ్డులో పొద్దున్నే కూలర్లు ఆపేస్తారు. ఫలానా నంబరు తలుపు దగ్గరికి పోండి, తెరిస్తే లోపల ఉండొచ్చు అని చెప్పి, లోపలివాళ్లను ఎట్లా పిలవాలో నేర్పి పంపుతారు. తమ మాట ఇంకొకరి గొంతుగా మారుతుందని షెడ్డులో ఎవరికీ తెలియదు.

"ఈరమ్మక్కను ఈ పొద్దు ఐదో తలుపుకు పొమ్మన్నారు పెద్దమ్మా. మావాల్లు ఏడో నంబరులో ఉండారు, ఆడికి పంపండి అని కాల్లు పట్టుకున్న్యాది. ఆ సూటేసుకున్నోడు చెప్తాండాడు, సొంతోల్లకు ఎవరైనా తీస్తారు, మాకు దాంట్లో తెలుసుకునేదేముండాది అని."

అప్పుడే స్పీకరు మాట్లాడింది. ఎప్పటి మర్యాద గొంతే. ఇద్దరు కొత్తవాళ్లు లోపలికి వచ్చారు కనుక, తెరిచిన కుటుంబమంతా వెళ్లనక్కర్లేదు, గాలి లెక్క తప్పకుండా అందులోంచి ఇద్దరు వెంటనే బయటికి వెళ్తే చాలు.

"ఎవరు వెళ్లాలో మీరే నిర్ణయించుకోండి" అంది.

నిర్ణయించుకోవడానికి ఏమీ లేదు. మద్దిలేటి అప్పటికే రెండు దుప్పట్లు కుళాయి కింద తడుపుతున్నాడు. నాగమద్దయ్య తన నీళ్ల సీసా తెచ్చి సుంకులమ్మ చేతిలో పెట్టి, ముఖం చూపించలేక తిరిగిపోయాడు. ఇంకెవరో ఇంకో సీసా ఇచ్చారు.

సుంకులమ్మ పావనిని మాబున్ని పక్కన కూర్చోబెట్టింది.  మీ అమ్మను తీసుకొస్తానంటే అబద్ధమవుతుందేమో. ఇంతమందిని సాగనంపింది గాని, తను పోతూ ఏం చెప్పాలో ఆమె ఎప్పుడూ నేర్చుకోలేదు. పిల్ల నుదురు ముట్టి చూసింది. చల్లగా ఉంది.

"వాన్ని గిల్లొద్దు" అంది.

పావని బుద్ధిగా తల ఊపింది. మద్దిలేటి పిల్ల వైపు చూడకుండా తలుపు దాటాడు. చూస్తే దాటలేడు.

పైన ఆకాశం తెల్లగా ఉంది. నీడ అనేది ఎక్కడా లేదు. తడి దుప్పట్లు నాలుగడుగులకే పొడిబారాయి. గని గోడల నాపరాయి అద్దంలా మెరుస్తూ వేడిని వాళ్ల మీదికే తిప్పి కొడుతోంది. మద్దిలేటి ప్రతి కొన్ని అడుగులకూ ఆగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఊపిరి తెచ్చుకుంటున్నాడు. సుంకులమ్మ అతన్ని పోదాం పదరా, పోదాం పద అని ఎడ్లను అదిలించినట్టు అదిలిస్తూ నడిపించింది. ఎండకు కాదు భయానికే చస్తావని కోడలన్న మనిషికి ఆ దారిలో భయపడే తీరిక దొరకలేదు.

ఐదో నంబరు మెట్లు దిగుతుంటే కింద ఒక ఆకుపచ్చ చీర కనిపించింది. ఈరమ్మ తలుపుకు భుజం ఆనించి కూర్చుని ఉంది. మద్దిలేటి ఆమె పక్కన కూలబడి, సీసా మూత తీసి పెదవులకు ఆనించాడు. నీళ్లు సగం లోపలికి పోయాయి, సగం కారిపోయాయి. ఆమె కళ్లు తెరిచింది. మొగుణ్ణి చూసింది, అత్తను చూసింది. వాళ్ల వెనక మెట్ల మీద ఇంకెవరి కోసమో వెతికింది. పాప లోపలే ఉంది, చల్లగా ఉంది అని సుంకులమ్మ చెప్పింది. ఈరమ్మ ఏదో అనబోయింది. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. పిలిచి పిలిచి ఆమె గొంతు పోయింది.

మద్దిలేటి పొడి దుప్పటిని ఆమె తల మీద గొడుగులా పట్టుకున్నాడు. అతని చేతులు ఎంతోసేపు అట్లా ఉండలేవని సుంకులమ్మకు తెలుసు. తలుపు గోడలో జల్లెడ ఉంది. దాని పైనున్న చిన్న తెర మీద, ఎవరిని పిలవాలో ఒక పేరు వెలుగుతోంది. సుంకులమ్మ గనుల ఊరిలో పాత పేపర్లు కూడబలుక్కుంటూ తనంతట తాను చదువు నేర్చుకున్న మనిషి. ఆ పేరు చదివింది. ఆ మనిషి ఎవరో తెలియదు. తను ఇప్పుడు నోరు తెరిస్తే లోపల ఒక తల్లో, చెల్లెలో, పెళ్లామో పిలిచినట్టు వినిపిస్తుంది. లోపలివాళ్లు చెవులు రిక్కించి తప్పులు వెతుకుతారు. దొరుకుతాయి. మజ్జిగ తాగుతారు.

ఆమె ఆ పేరు పిలవలేదు. మోకాళ్ల మీద కూర్చుని, కాలుతున్న ఇనుముకు నోరు దగ్గరగా పెట్టింది.

"నాయనా, మీకు ఇనపడే గొంతు మీవాల్లది. మేం మీవాల్లం కాము. మీరు మాకు తెలీదు, మేం మీకు తెలీదు. ముగ్గురం ఉండాం. ఒక మనిషి సచ్చిపోతాండాది. పరాయోల్లమే. తలుపు తీయండి."

ఆ మాటల్లో ఎన్ని లోపలికి పోతున్నాయో, ఎన్నిటిని గోడ మింగేస్తోందో ఆమెకు తెలియదు. ఊపిరి తీసుకుని, మళ్లీ మొదటి నుంచి చెప్పింది.